గోడ మీద గుడ్డు

మొన్న సాయంకాలం తిరునిన్రవూరులో అరక్కోణం లోకల్ ఎక్కాను. ఎదుటి సీటులో ఒక పెద్దావిడ ఒళ్ళో వైరుబుట్ట పెట్టుకొని కూర్చుంది. వేపంపట్టు దాటాక ఆ బుట్టలోంచి ఒక కోడిపెట్ట తల బయటపెట్టింది. మెడ నిక్కించి, పక్కకు తిప్పి, ఒంటికంటితో నన్ను నిదానంగా చూసింది. పక్కనున్న కాలేజీ అమ్మాయి చున్నీ దగ్గరకు లాక్కొని జరిగి కూర్చుంది. పెద్దావిడ కోడి తలను రెండు వేళ్ళతో లోపలికి అదిమి, ఇంకాసేపే, ఊరు వచ్చేసిందని తమిళంలో దానికి నచ్చజెప్పింది.

తిరువళ్ళూరులో దిగేదాకా నేను ఆ బుట్టనే చూస్తూ ఉండిపోయాను. ల్యాబులో పొద్దంతా రక్తపు సీసాలు చూసి అలసిన కళ్ళు నావి. ఆ కళ్ళకు, తిరుత్తణిలో మేము అద్దెకున్న ఇంటి అక్క కనిపించింది. ఆమె వేళ్ళ సందుల్లో ఎప్పుడూ ఉండే తవుడు వాసన కూడా తగిలినట్టయింది.

మా అమ్మ ఈడు మనిషి. అయినా వీధి వీధంతా ఆమెను అక్కా అనే పిలిచేది. చివరింటి కొట్టు ముసలాయన కూడా అక్కా అనేవాడు. "ఏమని పిలిస్తే ఏమి, పలికే దానికి మనిషి ఉండాల గదా" అనేది ఆమె.

పెళ్ళయిన కొత్తలో మా ఆయనకు తిరుత్తణి దగ్గర ఒక కంపెనీలో పని. నేతపనివాళ్ళ వీధిలో ఆమె ఇంటి ముందువాటాలో దిగాం. వెనకవాటాలో ఆమె ఒక్కతే, ఆమె కోళ్ళు. ఒకప్పుడు అది పెద్ద ఇల్లు. తండ్రి పోయాక నడిమధ్య గోడ లేపి రెండు చేశారు. గోడకు అవతల ఆమె తమ్ముడు, ఆయన భార్య. అటువైపు మరమగ్గాలు పొద్దున మొదలైతే మా వంటింట్లో గిన్నెలు సన్నగా అదిరేవి. అక్కాతమ్ముళ్ళు మాట్లాడుకోరన్న సంగతి దిగిన కొద్దిరోజులకే అర్థమైంది.

మాది పాండూరు. పుట్టింట్లో కోళ్ళు ఉండేవి గాని వాటిని ఎవరూ చూసేవాళ్ళు కాదు. చుట్టం వస్తే ఒకటి తగ్గేది, అంతే. కోడి ఎదుట పీట వేసుకొని కూర్చొని, దాని ముఖం చూసి మాట్లాడే మనిషిని నేను మొదటిసారి చూసింది తిరుత్తణిలోనే.

తెల్లవారగానే ఆమె గూటి పలక తీసి, పక్కకు ఒదిగి నిలబడేది, పెద్దమనుషులకు దారి ఇచ్చినట్టు. మొదట పుంజు దిగేది. రెక్కలు విదిలించి, మెడ సాచి ఒక కూత కూసి, ఏ పనీ లేక అటూ ఇటూ పచార్లు చేసేది. దాని పేరు మేస్త్రి. "అరిచేది తప్ప ఇంకొక పని తెలీదు దానికి, అందుకే ఆ పేరు పెట్టినా" అనేది. దాని వెనక పెట్టలు. ఒళ్ళంతా బంగారు ఛాయ ఉన్నది జరీ. రెక్కల కొసన నల్లగీత ఉన్నది అంచు. బూడిదరంగు మీద తెల్లచుక్కలు ఉన్నది బుట్టా. చీరలు నేసే ఇంట్లో పుట్టిన మనిషి, పేర్లకు ఎక్కడో వెతుక్కోలేదు.

నానబెట్టిన నూకల్లో తవుడు కలిపి, ముద్దలు చేసి, తలొక మూల వేసేది. అన్నీ ఒకేచోట వేస్తే బలమైంది బలహీనమైనదాన్ని పొడుస్తుందట. అవి తింటుంటే కాఫీ గ్లాసు పట్టుకొని మెట్టు మీద కూర్చొనేది. ఆ కాఫీ చల్లారిపోయేది. ఎండ కాస్త ఎక్కాక కోళ్ళు వేపచెట్టు కింద మట్టిలో పడుకొని, కాళ్ళతో తవ్వి, రెక్కల్లోకి దుమ్ము చల్లుకొనేవి. ఒక కోడి ఒక పక్కకు ఒరిగి కళ్ళు మూసుకొని మట్టిస్నానం చేస్తుంటే ఆమె ముఖంలో కూడా అదే సుఖం కనిపించేది. "చూడు మ్మే, దానికి ఏ చింతా లేదు" అనేది. చూసేదాన్ని. నాకూ ఆ కాసేపు ఏదీ గుర్తొచ్చేది కాదు.

గుడ్లు పెట్టడానికి వాటికొక గది ఉంది. అందులో నేలను తవ్విన గుంత ఒకటి. అది మగ్గం గుంత. ఆమె తండ్రి ఆ గుంతలోకి కాళ్ళు వదిలి కూర్చొని బతుకంతా చీరలు నేశాడు. మగ్గం లేదిప్పుడు. గుంతను సగానికి పైగా ఊకతో నింపి, మీద పాత చీరముక్క పరిచి కోళ్ళకు వదిలేసింది. పెట్టలు ఒక్కొక్కటే వచ్చి అందులోకి దిగి, ముక్కుతో ఊకను సర్దుకొని కూర్చొనేవి. ఆ వేళలో ఆ గదిలోకి ఎవరూ పోకూడదు. గ్యాస్ సిలిండరు తెచ్చిన మనిషిని కూడా, "ఉండబ్బా, లోపల పని జరగతా ఉండాది" అని వాకిట్లోనే నిలబెట్టేది.

గుడ్డు పెట్టిన పెట్ట బయటకొచ్చి వీధి దద్దరిల్లేట్టు అరిచేది. అక్క ఏ పనిలో ఉన్నా ఆపి బదులిచ్చేది. "వినబడింది తల్లీ, వినబడింది. బాగా పెట్టినావు." పెట్ట మరికాసేపు అరిచి, ఆ మాటతో తృప్తిపడినట్టు మేతకు పోయేది. "మెచ్చుకోకపోతే రేపు మనసు పెట్టి పెట్టదు. మనిషిని మెచ్చుకొనే దానికి మనకి నోరు రాదు, కోడినన్నా మెచ్చుకోవద్దా" అని నాతో అనేది.

తరవాత గదిలోకి వెళ్ళి గుడ్డు తీసుకొనేది. తీసిన ప్రతి గుడ్డునూ కళ్ళు మూసుకొని ముందు కుడికంటికి, తరవాత ఎడమకంటికి ఆనించేది. ఆ వెచ్చదనం పోయేదాకా కదిలేది కాదు. కంటికి మంచిదా అక్కా అని అడిగాను.

"మా అమ్మ చేసేది. మంచిదో కాదో యాడ తెలుసు. హాయిగా ఉంటాది, సాలదా?"

ఆమె గుడ్డు తినదు. భర్తకు జబ్బు చేసినప్పుడు కొండమీది స్వామికి మొక్కుకొని గుడ్డూ మాంసమూ మానేసింది. భర్త దక్కలేదు. మొక్కు ఫలించనప్పుడు ఇంకెందుకక్కా అని నేనొకసారి అన్నాను. "ఆయన ఇయ్యలేదని నేను మాట తప్పేదా" అంది. కోపంగా అనలేదు, బియ్యంలో రాయి ఏరుతూ అంది.

గుడ్లు వీధిలోకి పోయేవి. కడుపుతో ఉన్నవాళ్ళకు, జ్వరం వచ్చి లేచినవాళ్ళకు, పరీక్షలకు చదివే పిల్లలకు. ఎవరికి ఎప్పుడు ఇవ్వాలో ఆమె మనసులో ఒక వరస ఉండేది. ఒకసారి కొత్త కారు కొన్న ఎదురింటాయన దిష్టి తీయడానికి నాటుగుడ్డు కావాలని వచ్చాడు. అక్క ఇవ్వనంది. "అది అంత అవస్థపడి పెట్టింది నువ్వు రోడ్డు మింద పగలగొట్టే దానికా? పొయ్యి గుమ్మడికాయ కొట్టుకో పోబ్బా." ఆయన నవ్వుతూ నిలబడ్డాడు, ఇస్తుందిలే అని. ఆమె తలుపు వేసేసింది.

ఆ ఇంట్లో చేరిన రెండో ఏడు నాకు మూడోనెలలో గర్భం నిలవలేదు. అమ్మ వచ్చి కొన్నాళ్ళుండి వెళ్ళిపోయింది. మా ఆయన షిఫ్టుకు పోయేవాడు. నేను ల్యాబుకు సెలవు పెట్టి గోడవైపు తిరిగి పడుకొని ఉండేదాన్ని. వచ్చినవాళ్ళందరూ ఏదో ఒకటి చెప్పేవాళ్ళు. వయసుంది, మళ్ళీ అవుతుంది, దేవుడున్నాడు. అక్క మాత్రం ఏమీ చెప్పలేదు. ఒకరోజు మధ్యాహ్నం కాకముందు నా తలుపు దగ్గర నిలబడింది.

"ఏమ్మే, నాకు మోకాళ్ళు నొస్తా ఉండాయి, గుంతలోకి వంగే దానికి కాలే. జరీ పెట్టి లేసింది. పొయ్యి ఎత్తుకోనిరా."

లేచి వెళ్ళాను. గది మసకగా ఉంది, ఊక వాసన. చేయి పెట్టి తడిమితే తగిలింది. అంత వెచ్చగా ఉంటుందని నాకు తెలియదు. గుప్పిట్లో పట్టుకొని అక్కడే గుంత అంచున కూలబడ్డాను. బయటినుంచి అక్క అడిగింది.

"పగిలిందా?"

"లేదక్కా."

"అయితే కంటికి పెట్టుకో."

పెట్టుకున్నాను. ఎంతసేపు ఏడ్చానో తెలియదు. ఆమె లోపలికి రాలేదు. నేనే బయటకొచ్చి గుడ్డు చేతికిస్తే, కొంగుతో తుడిచి మళ్ళీ నా చేతిలోనే పెట్టింది. "తడిసిన గుడ్డు నిలవ ఉండదు. ఇప్పుడే ఉడకబెట్టుకొని తిను" అంది.

మర్నాడూ ఆమెకు మోకాళ్ళు నొప్పే. ఆ మర్నాడూ అంతే. నేను తిరిగి ల్యాబుకు పోయేదాకా గుడ్లు తీసే పని నాదే అయింది. ఏ పెట్ట ఎప్పుడు దిగుతుందో, ఏది పెట్టకముందే అరిచి మోసం చేస్తుందో, ఏ గుడ్డు ఎవరిదో పెంకు రంగు చూసి చెప్పడం నాకు వచ్చేసింది. పొద్దున లేవడానికి ఒక కారణం దొరికింది. తరవాత ఒకరోజు అక్క గుంతలోకి నడుము వంచి, చెడిన ఊకంతా చేటలోకి ఎత్తిపోస్తూ కనిపించింది. నన్ను చూసి, మోకాలి మీద చెయ్యేసుకొని, "ఈ పొద్దు పరవాలేదు" అంది.

బుట్టాకు మాత్రం ఆ గుంత నచ్చేది కాదు. అది గోడ ఎగిరి తమ్ముడి ఇంటికి పోయేది. ఆయన వసారాలో బల్ల మీద హెల్మెట్ బోర్లించకుండా వెల్లకిలా పెట్టే అలవాటు. లోపల మెత్తటి దూది గుడ్డ. బుట్టాకు అంతకంటే ఏం కావాలి? ఒకరోజు ఆయన నూలు తేవడానికి బయలుదేరి హెల్మెట్ తీసుకోబోతే అందులో గుడ్డు.

"ఎవురిదిది?" అని అరిచాడు. ఎవరిదో ఆయనకు తెలుసు.

అక్క నావైపు తిరిగింది. "మ్మే, గోడవతల చెప్పు. గుడ్డు చల్లారకముందే ఇచ్చేయమను."

ఆరుబయట ఆ గోడ నా భుజం ఎత్తే. ఆమె అన్నది ఆయనకు స్పష్టంగా వినిపించింది. అయినా నేను గొంతు పెంచి, "అన్నా, గుడ్డు..." అని మొదలుపెట్టాను.

"ఇన్నాలేమ్మా. వాళ్ళ కోడికి వాళ్ళింట్లో చోటు లేదంటనా, అడుగు."

"కోడికేం తెలుసు? గోడ కట్టింది కోడి కాదు అని చెప్పు" అంది అక్క.

కాసేపటికి గోడ మీద ఒక కొబ్బరిచిప్ప వచ్చి కూర్చుంది, అందులో గుడ్డు. ఆ తరవాత అదే పద్ధతి అయింది. బుట్టా అటు పెడుతుంది, ఆయన చిప్పలో వేసి గోడ మీద పెడతాడు, ఈమె తీసుకొని ఖాళీ చిప్ప పెడుతుంది. మధ్యలో ఒకసారి ఆయన హెల్మెట్ కొక్కేనికి తగిలించాడు. బుట్టా బల్ల మీద అటూ ఇటూ తిరిగి, దిక్కుతోచక ఒకటే గొడవ చేసింది. మర్నాటికి హెల్మెట్ మళ్ళీ బల్ల మీదే ఉంది. బైపాసులో పోలీసులు ఆపితే ఆయన ఏం చెప్పేవాడో మరి. "నా హెల్మెట్‌లో కోడి కూర్చోనుండాది అంటే నమ్ముతారా, మీరే చెప్పండి" అని ఆయన భార్య, మేము వదినా అనేవాళ్ళం, నాతో చెప్పి నవ్వేది.

ఎందుకు మాట్లాడుకోరో అక్క ఒక్కసారే చెప్పింది. పెళ్ళయ్యాక ఆమె పొదటూరుపేటలో అత్తగారింట ఉండేది. భర్త పోయి, పుట్టింటికి తిరిగొచ్చి చూస్తే గదిలో మగ్గం లేదు. తమ్ముడు విప్పి కట్టెలకు ఇచ్చేశాడు. "నాయన మగ్గం. ఇట్లా చేస్తా ఉండానక్కా అని ఒక మాట చెప్పలే. ఫోను ఉండాది గదా. ఒక మాట."

ఒక ఆడిమాసంలో, స్వామికి కావళ్ళు మోసుకొచ్చిన జనమంతా కొండ దిగి వెళ్ళిపోయిన మర్నాడు, తమ్ముడు మరమగ్గం పక్కనే పడిపోయాడు. వదిన కేకకు మా ఆయనా నేనూ పరిగెత్తాం. అంబులెన్స్ ఎక్కించేటప్పుడు తిరిగి చూస్తే, అక్క గోడకు ఇవతల రెండు చేతులూ గోడ మీద ఆనించి నిలబడి ఉంది. రాలేదు.

చెన్నైలో కొన్ని వారాలుండి ఆయన తిరిగొచ్చాడు. కుడిచెయ్యి లేవదు, నోరు ఒక పక్కకు. మాట ముద్దముద్దగా వచ్చేది, అందుకని మాట్లాడడమే మానేశాడు. మరమగ్గాలు ఆగిపోయాయి. వసారాలో కుర్చీ వేసి కూర్చోబెడితే అక్కడే పొద్దుపోయేది.

"ఏమన్నా తిన్నాడంటనా?" అని అక్క రోజూ సాయంకాలం నన్ను అడిగేది. ఎవరు అనేది కాదు. పోయి చూసి రాగూడదా అక్కా అంటే తల అడ్డంగా ఊపింది.

"ఇప్పుడు పోతే, పడిపొయినాను గాబట్టి వచ్చింది అనుకొంటాడు. ఎవురన్నా పావం అని చూస్తే వాడు ఓర్చుకోలేడు. చిన్నప్పటినుంచీ అంతే."

ఆ రోజుల్లో గోడ మీద చిప్ప ఖాళీగానే ఉంటోంది. బుట్టా గుడ్లు మానేసిందేమో అనుకున్నాం. ఒక సాయంకాలం అది గూటికి రాలేదు. పిల్లి పట్టుకుపోయిందేమోనని అక్క పెరడంతా వెతికింది. నేను గోడమీదుగా తొంగిచూశాను. బుట్టా హెల్మెట్‌లో ఉంది. ఈకలన్నీ ఉబ్బించుకొని, కళ్ళు సగం మూసుకొని, ఒక పొదిగే కోడి ఎలా కూర్చుంటుందో అలా కూర్చుంది.

వదిన దగ్గరకొచ్చి మెల్లగా చెప్పింది. "కింద గుడ్లుండాయి. ఈయన తీయనీయలే. నేను తీయబోతే ఎడంచెయ్యి అడ్డం పెడతాడు. చిప్పలో పెడతానయ్యా అంటే, వద్దు వద్దు అని తల ఊపతాడు. ఎందుకో నాకు అర్థం కాలే."

ఇవతల అక్క అంతా విన్నది. తరవాత లోపలికి వెళ్ళి, ముఖం కడుక్కొని, చీర మార్చుకొని, గిన్నెలో నూకలు పోసుకొని వీధి తలుపు తీసింది. పక్కింటికి పోవడానికి పది అడుగులు. ఆ పది అడుగుల్లో అరుగుల మీద కూర్చున్న ప్రతివాళ్ళకూ, ఎవరూ అడక్కుండానే, "బుట్టా పొదగతా ఉండాది, దానికి మేత పెట్టాల" అని చెప్పుకుంటూ వెళ్ళింది. నేను వెనకాలే నడిచాను.

"గంపలో పెట్టి ఎత్తుకోనిపో వదినా" అని ఆమె మరదలు, మా వదిన, అంది.

"పొదిగే దాన్ని కదిలించకూడదు. గుడ్లు చెడిపోతాయి" అంది అక్క.

అంతకుముందే ఒకసారి పొదుగు మీదున్న జరీని చీకటిపడ్డాక గుడ్లతో సహా గది మార్చింది ఆమె. గంప పట్టింది నేను.

అలా పిల్లలు లేచేదాకా రోజూ పొద్దునా సాయంత్రం వెళ్ళేది. వసారా మెట్టు మీద, తమ్ముడికి వీపు పెట్టి, బుట్టాకు ఎదురుగా కూర్చొనేది. మాటలన్నీ బుట్టాతోనే.

"ఏం బుట్టా, ఈ పొద్దు ఇడ్లీ తిన్నావా? సగం విడిచిపెట్టినావంట గదా. అట్ల చేస్తే కాలికి బలం యాడినుంచి వస్తాది?" ఇంకొక రోజు, "మాత్ర మింగనని గొడవ చేస్తే ఎట్లా? చిన్నబిడ్డవా నువ్వు?" వెనక కుర్చీలో ఆయన నోటి ఒక్క పక్కతోనే నవ్వేవాడు. వదిన ఆ పూట మాత్ర ఇస్తే మింగేవాడు.

ఒక సంధ్యవేళ అక్క నన్ను ఫోను తీసుకొని రమ్మంది. గుడ్లలో పిల్ల పట్టిందో లేదో చూడాలి. వసారాలో దీపం వేయొద్దని చెప్పి, బుట్టా కిందినుంచి ఒక గుడ్డు తీసింది. నేను టార్చి వెలిగించాను. ఆమె వేళ్ళు చుట్టి గుడ్డును దానిమీద నిలబెట్టగానే లోపలంతా ఎర్రగా వెలిగింది. సన్నటి నరాలు, అన్నీ ఒక చిన్న నల్లటి చుక్క దగ్గర కలుస్తున్నాయి. ఆ చుక్క ఉన్నట్టుండి ఒక ఊపు ఊగింది. నా చేతిలో వెలుగు పక్కకు జారింది. అక్క రెండో చేత్తో నా మణికట్టు పట్టుకొని గట్టిగా నిలిపింది. నావైపు చూడలేదు.

అప్పుడే వెనకనుంచి మాట వచ్చింది. ముద్దగా, ఒక్కో అక్షరం లాగి లాగి.

"అక్కా. ఆడతా... ఉండాది."

తమ్ముడు కుర్చీలో ముందుకు వంగి చూస్తున్నాడు. అక్క వెనక్కి తిరగడానికి కొంత సమయం తీసుకుంది.

"ఆడదా మరి? బతికేది ఆడతాది" అంది. లేచి వెళ్ళి గుడ్డు ఆయన ఎడమచేతిలో పెట్టి, కింద తన చెయ్యి ఆనించింది. "చూడు ఇంగోసారి. మెల్లగా."

నేను టార్చి పట్టుకొన్నాను. అక్కాతమ్ముళ్ళు ఇద్దరూ తలలు ఆనించి ఆ గుడ్డులోకి చూస్తూ ఉండిపోయారు.

పిల్లలు లేచాయి. పసుపువి, నల్లవి, తల్లిలాగా చుక్కలవి. గద్ద మీద తిరుగుతుంటే తోలడానికి ఆయన ఎడమచేత్తో కర్ర పట్టుకొని లేచి నిలబడడం మొదలుపెట్టాడు. తరవాత రెండడుగులు, తరవాత పెరటి తలుపు దాకా. అక్క రోజూ వెళ్ళేది. ఇప్పుడు కుర్చీకి ఎదురుగా కూర్చొనేది. ఏ పిల్ల పుంజవుతుందో, దేనికి కాలు బలం తక్కువో వాళ్ళ మాటలన్నీ అవే. మగ్గం సంగతి అడిగావా అక్కా అని నేను ఒకసారి అడిగాను.

"అడిగితే ఏం చెప్తాడు? తప్పయిపొయింది అంటాడు. ఆ మాట వానితో అనిపించి నేనేం చేసుకొనేది? కోడిపిల్లల మాటలకే పొద్దు సాలడం లేదు."

మా ఆయనకు ఆత్తిపట్టు కరెంటు స్టేషన్లో పని వచ్చి మేము తిరువళ్ళూరుకు మారిపోయాం. మూడో అంతస్తులో ఇల్లు. బయలుదేరేముందు అక్క ఒక పెట్టను ఎత్తుకొని వచ్చింది, తీసుకొని పోతావా అని. మేడ మీద ఇల్లక్కా అన్నాను. "పావం, దానికి మట్టి కావాల" అని మళ్ళీ కిందికి దించేసింది. ఊక నింపిన డబ్బాలో గుడ్లు సర్ది ఇచ్చింది. ఒక్కటీ పగలకుండా తిరువళ్ళూరు చేరాయి.

ఫోను చేస్తే ముందు కోళ్ళ సంగతులే చెప్పేది. మేస్త్రి పోయాడు, కొత్త మేస్త్రి వచ్చాడు. అంచు ముంగిస పాలయింది. ఫోను గూటి దగ్గర పెట్టి వినిపించేది. మా పాప పుట్టాక ఒక ఆదివారం తీసుకెళ్ళాను. అప్పుడే పెట్టిన గుడ్డు తెచ్చి పాప మూసిన కళ్ళకు ఆనించింది. పాప నిద్రలోనే మూతి సున్నాలా చుట్టింది. మళ్ళీ వస్తామని చెప్పి వచ్చాం. ఆ తరవాత పని, బడి, రైళ్ళు. ఫోన్లే మిగిలాయి. కొన్నిసార్లు పొద్దున పాపకు గుడ్డు ఉడకబెట్టడానికి ఫ్రిజ్ తెరిచి, ఎవరూ చూడనప్పుడు ఒకటి కంటికి ఆనించి చూస్తాను. మంచుముక్కలా ఉంటుంది.

పోయిన చిత్తిర నెలలో వదిన ఫోను చేసింది. కోళ్ళకు మేత వేసి లోపలికి వెళ్ళి, కాసేపు నడుము వాలుస్తానని పడుకుందట. లేవలేదు. సెలవు దొరికి నేను చేరేసరికి అన్నీ అయిపోయాయి. మళ్ళీ కర్మకు వెళ్ళాను.

కర్మ ముగిసి భోజనాలయ్యాక చుట్టాలు పెరట్లో కుర్చీలు వేసుకొని కూర్చున్నారు. మర్నాడు మాంసం వండాలి. పొదటూరుపేటనుంచి వచ్చిన ఒకాయన కోళ్ళను చూస్తూ, ఇన్ని ఉండగా బయట కొనేదెందుకు అన్నాడు. తమ్ముడు కర్ర ఆనించుకొని కుర్చీలో ఉన్నాడు. తల అడ్డంగా ఊపాడు.

"అవి... గుడ్లు పెట్టేవి."

"అన్నీనా? అదో, ఆ ఎర్రది చూడు. ముసిలిది. అది మానేసి ఎన్నేండ్లయిందో" అన్నాడు ఆయన జరీని చూపించి.

తమ్ముడికి మాట కూడదీసుకోవడానికి టైము పట్టింది. అందరూ ఆగారు.

"అది పెట్టాల్సింది పెట్టేసింది" అన్నాడు.

ఇంకెవరూ ఆ మాట ఎత్తలేదు. చుట్టాలు లేచి లోపలికి పోయారు. నేను బస్సుకు బయలుదేరబోతూ పెరట్లోకి వచ్చాను. పొద్దు వాలుతోంది. కోళ్ళు ఒక్కొక్కటే గూటిలోకి ఎక్కుతున్నాయి. ఆయన పక్కన నిలబడి చూస్తున్నాడు. అన్నీ ఎక్కాక జరీ ఒక్కటే కింద మిగిలింది. ముసలిది, ఎగరలేదు. అక్క రోజూ ఎత్తి లోపల పెట్టేదట. అది ఇంటి తలుపువైపు తిరిగి కూర్చుంది, ఎవరో వస్తారన్నట్టు.

"నేను వంగలేను. రోజూ మీ వదిన పెడతాది" అన్నాడు ఆయన, ఆగి ఆగి. "ఈ పొద్దు నువ్వు పెట్టమ్మా."

నేను వంగి రెండు చేతుల్లోకి తీసుకున్నాను. చూడడానికి అంత ఉందిగాని బరువే లేదు, ఈకలే. లోపల గుండె గబగబా కొట్టుకోవడం నా అరచేతులకు తెలుస్తోంది. మొదట పెనుగులాడింది. తరవాత మెడ ముడుచుకొని నా చేతుల్లో ఒదిగిపోయింది. గూటిలో మిగతావాటి పక్కన దించి పలక మూశాను. ఆయన పలక ఒకసారి కదిపి చూసి, గట్టిగా పడిందని తల ఊపాడు.

"పొయ్యిరామ్మా. బస్సు పొయ్యేస్తాది" అన్నాడు.

వదిన చెంబుతో నీళ్ళు పట్టుకొచ్చింది, చేతులు కడుక్కోమని. వద్దు వదినా అన్నాను. బస్సులో తిరువళ్ళూరు దాకా రెండు చేతులూ ఒళ్ళో వెల్లకిలా పెట్టుకొని కూర్చున్నాను.